సుడో అంటే సూడు కాదక్కా

ఆదోని,
1 సెప్టెంబరు 2025.

పూజ్యురాలైన అక్క గోవిందమ్మకు, తమ్ముడు రంగనాయకులు జోడించిన చేతులు విడదీసి రాస్తున్నది.

మేమందరం క్షేమం. మిల్లుకు కొత్త పత్తి రావడం మొదలైంది. తేమ ఎక్కువగా ఉందని అయ్యగారు, లేదని రైతులు వాదించుకుంటున్నారు. నేను బండ్లు తూచే వేబ్రిడ్జి గదిలో కూర్చుని ఇద్దరి మాటా వింటున్నాను.

ఇక అసలు విషయం. నిన్న నీవు ఫోనులో చదివి వినిపించిన ఉత్తర్వును నేను కాగితంపై నాలుగు అంశాలుగా విభజించుకున్నాను. ఒకటి, దరఖాస్తు కేంద్రాలు నడిపేవారందరూ తమ కంప్యూటరు వివరాలను ఈ నెల ముప్పైలోగా నమూనా పత్రంలో నింపి కార్యాలయానికి ఇవ్వాలి. రెండు, ఆ పత్రం ఏడవ గడిలో, కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షనో రాయాలి. మూడు, మనలా ఉబుంటు వాడేవారికి 22.04 గాని, అంతకంటే కొత్తది గాని ఉండాలి. నాలుగు, అంతకంటే పాతదైతే ఆ దరఖాస్తు కేంద్రానికి ఇచ్చిన కోడ్ రద్దవుతుంది.

నాలుగవ అంశం నిన్ను ఎంత కలవరపెట్టిందో నీ గొంతులోనే తెలిసింది. కోడ్ పోతే నీ ముందుగది మూతపడుతుంది. ఆరేళ్లుగా నందవరం నుంచి ఆటోల్లో వచ్చి నీ అరుగు మీద కూర్చుని దరఖాస్తులు రాయించుకునే ఆడవాళ్లు, బస్టాండు దగ్గర మనీష్ పెట్టిన అద్దాల కేంద్రానికి పోవలసి వస్తుంది. అక్కడ వేలిముద్ర వేసేవాళ్లను వాకిలి బయటే నిలబెడతారని నీవే చెప్పావు.

అయితే కలవరపడవలసింది లేదు. ఎవరైనా స్వేచ్ఛగా తీసుకుని వాడుకోదగిన ఉబుంటును 2022 జూన్‌లో నీ కంప్యూటరులో ఎక్కించింది నేనే. నా రిజిస్టరు నలభై ఒకటవ పుటలో 'అక్క కంప్యూటరు: 22.04' అని నీలి సిరాతో ఉంది. అయినా రిజిస్టరు చూసి రాయడం వేరు, యంత్రం నోట విని రాయడం వేరు. కనుక యంత్రాన్ని అడుగు. అడిగే పద్ధతి ఇది.

1. కుర్చీలో కూర్చో.
2. కంట్రోల్, ఆల్ట్, టి అనే మూడు మీటలు ఒకేసారి నొక్కు. నల్లని కిటికీ తెరుచుకుంటుంది.
3. అందులో ఇంగ్లీషు అక్షరాలతో ఇలా కొట్టు: సుడో, ఖాళీ, ఎల్ ఎస్ బి, అడుగుగీత, రిలీజ్, ఖాళీ, అడ్డగీత, ఏ.
4. ఎంటర్ నొక్కు.
5. వచ్చింది వచ్చినట్టు కాగితం మీద ఎక్కించు.
6. కుర్చీలోంచి లే.

ఇదంతా ఫోనులోనే ఎందుకు చెప్పలేదంటే, పోయినసారి నేను 'స్పేస్ కొట్టు' అన్నప్పుడు నీవు ఎస్, పి, ఏ, సి, ఈ అని ఐదు అక్షరాలూ కొట్టావు. రాతలో అటువంటి ప్రమాదం ఉండదు. మా మిల్లులో పనిచేసే సుంకన్న రోజూ ఎమ్మిగనూరు నుంచి వచ్చిపోతాడు. ఇకమీదట మన ఉత్తరాలు అతని చేతిమీదుగానే నడవగలవు.

విధేయుడైన తమ్ముడు,
రంగనాయకులు


ఎమ్మిగనూరు,
3 సెప్టెంబరు.

రంగాకు అక్క దీవెనలు.

నీ జాబు అందింది. సుంకన్న దాన్ని మజ్జిగ సీసా పక్కన పెట్టుకుని తెచ్చినాడు. అడిగే పద్ధతిలో నాలుగోది తడిసి చెరిగిపోతే, అది ఎంటర్ అయ్యుంటుందని మీ బావ కనిపెట్టినాడు. అప్పటినుంచి తనకూ కంప్యూటరు వచ్చునని అందరికీ చెప్పుకుంటున్నాడు.

కుర్చీలో కూర్చున్నాను. నల్ల కిటికీ తెరిచినాను. నీ మూడో అంశం చూసి నవ్వొచ్చింది నాకు. ఊర్లో అందరి మాటా సరిచేసేవాడివి. చిన్నప్పుడు అమ్మ 'సూడు నాయనా' అంటే, 'సూడు కాదమ్మా, చూడు' అని పదిసార్లు పలికించి ఏడిపించినావు. అట్లాంటివాడివి ఇప్పుడు నీవే 'సుడో' అని రాస్తావా? దీర్ఘం కూడా పెట్టవలసిన చోట పెట్టలేదు. నీ పరువు పోకూడదని నేను సరిచేసి 'చూడు' అని కొట్టినాను. చూడు అనే ఆజ్ఞ దొరకలేదని చెప్పింది. ఏకవచనానికి కోపమొచ్చిందేమోనని 'చూడండి' అని కూడా కొట్టినాను. అదీ దొరకలేదంట.

పింఛను కాగితం కోసం వచ్చిన హుసేనమ్మ నా పక్కనే కూర్చోనుంది. "ఏందక్కా, సూడు సూడు అంటాండావు, యాడ సూడాల్నో దానికి సెప్పకపోతే అదేం సూస్తాది?" అనింది. నాకు ఆ మాట సబబుగానే తోచింది. ఎక్కడ చూడాలో నీ జాబులో లేదు. రాసి పంపు.

గోవిందమ్మ


ఆదోని,
5 సెప్టెంబరు.

అక్కకు నమస్కారం.

సుడో అంటే సూడు కాదక్కా. నేను నలభై ఆరేళ్ల జీవితంలో 'చూడు'ను 'సూడు' అని రాయలేదు, రాయను. ఈ అపవాదును సుంకన్న కూడా చదివి మిల్లులో చెప్పాడు. ఇప్పుడు హమాలీలు నన్ను చూసినప్పుడల్లా "సూడన్నా" అని పిలుస్తున్నారు.

సుడో అనేది యంత్రంలోని పై అధికారి అనుమతి కోరే మాట. దాన్ని ముందుంచి ఏ ఆజ్ఞ ఇచ్చినా, ఆ పని అధికారి అనుమతితో జరుగుతున్నట్టు. వెర్షన్ ఏదని అడగడానికి కూడా అనుమతి కావాలా అని నీవు అడగవచ్చు. కావలసినా, కాకున్నా, అనుమతి తీసుకుని అడగడం మర్యాద. నేను మొదటినుంచీ అన్నింటికీ అలాగే చేస్తున్నాను, ఏ యంత్రమూ నన్ను తప్పుపట్టలేదు.

అక్షరాలు విడివిడిగా ఇస్తున్నాను: ఎస్, యు, డి, ఓ. పాస్‌వర్డ్ అడుగుతుంది, నీవు రోజూ కొట్టేదే కొట్టు. కొట్టేటప్పుడు తెరమీద ఏమీ కనబడదు. అది లోపం కాదు, గోప్యత. మిగిలిన అంశాలలో మార్పు లేదు. కుర్చీ కూడా అదే.

ఇట్లు,
రంగనాయకులు


ఎమ్మిగనూరు,
8 సెప్టెంబరు.

రంగా,

ఎంత పని చేసినావప్పా.

నీవు చెప్పినట్టే ఎస్, యు, డి, ఓ కొట్టినాను. పాస్‌వర్డ్ కొట్టినాను. ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది. నాకు అర్థం కాక పక్కింటి పల్లవి టీచరును పిలిచినాను. ఆమె చదివి తెలుగులో చెప్పింది: "గోవిందమ్మ అనుమతి ఉన్నవారి జాబితాలో లేరు. ఈ సంఘటన పైకి నివేదించబడుతుంది."

రాక రాక ఈ నెలలోనే నా మీద రిపోర్టా? కోడ్ తీసేసేకి వాళ్లకు ఇంకేం కావాలి? మీ బావ వైరు పీకి, కంప్యూటరు మీద దుప్పటి కప్పినాడు. రెండు దినాలుగా గది తెరవలేదు. నందవరం నుంచి ఏడుగురు వచ్చి వెనక్కి పోయినారు.

ఇన్ని జాబితాలు రాసేవాడివి, మిల్లులో అరిగిన చీపుళ్లకు కూడా జాబితా ఉంది నీ దగ్గర. కావలసిన ఒక్క జాబితాలో అక్క పేరు ఎక్కించలేకపోయినావా?

రిపోర్టు వాళ్లకు చేరకముందే మనమే ఒప్పుకుంటే మంచిదని, కార్యాలయానికి క్షమాపణ రాసి రిజిస్టరు పోస్టు చేయించినాను. ఆ సంఘటన తెలియక జరిగిందని, నా తమ్ముడు రంగనాయకులు చెప్పగా చేసినానని, ఏమన్నా అడగవలసి ఉంటే ఆయన్ను అడగమని నీ చిరునామా స్పష్టంగా ఇచ్చినాను. పిన్ కోడుతో సహా.

అక్క


ఆదోని,
9 సెప్టెంబరు.

అక్కా,

ఆ జాబు ఇంకా పోస్టాఫీసులోనే ఉంటే బావను వెంటనే పంపి వెనక్కు తెప్పించు.

ఆ రిపోర్టు ఏ కార్యాలయానికీ పోదు. యంత్రంలోనే పై అధికారికి ఒక పెట్టె ఉంటుంది, అందులో పడుతుంది. ఆ పై అధికారిని నేనే. భద్రత కోసం అధికారమంతా నా పేరున పెట్టుకుని, నీకు మామూలు వాడుకరి హోదా ఇచ్చాను. ఆ పెట్టెను నేను ఎన్నడూ తెరిచి చూడలేదు. కనుక నీ మీద వచ్చిన ఫిర్యాదు అక్కడ నిశ్చింతగా ఉంది.

ఇంకొక సంగతి. ఈ ఒక్క ప్రశ్నకు సుడో అవసరం లేదని ఈ ఉదయం పుస్తకంలో చదివాను. ముందరి మాట తీసేసి మిగతాది కొట్టు. దుప్పటి తీసి కొట్టు.

రంగనాయకులు


ఎమ్మిగనూరు,
13 సెప్టెంబరు.

రంగాకు,

జాబు పోయింది. మీ బావ పోస్టాఫీసుకు పోయేసరికి సంచీ కట్టేసినారు.

దుప్పటి తీసి, సుడో లేకుండా అడిగినాను. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎవరు అడిగినా చెప్పేదాన్ని పట్టుకుని పది దినాలు నాతో అనుమతి అడిగించినావు. సరే, అది నీ గుణం.

నాలుగు వరుసలు వచ్చినాయి. మొదట ఉబుంటు అని ఉంది. చివర బయోనిక్ అని ఏదో పేరు. రిలీజ్ అన్న చోట మాత్రం తేదీ ఉంది: 18.04. అంటే ఏప్రిల్ పద్దెనిమిదిన విడుదలైంది కాబోలు. వాళ్లు అడిగేది 22.04, అంటే ఏప్రిల్ ఇరవై రెండు. తేడా నాలుగు దినాలు. మీ బావ అయితే "నాలుగు దినాల్దేముంది, పాలోడు గూడా నాలుగు దినాలు ఆగుతాడు, రాసిచ్చెయ్" అంటున్నాడు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఉత్తర్వులో అంతకంటే పాతది అంటే ఒక్క దినం పాతదైనా పాతదే కదా.

నీవు ఏమంటావు?

గోవిందమ్మ


ఆదోని,
16 సెప్టెంబరు.

అక్కకు నమస్కారం.

అవి తేదీలు కావు. చుక్కకు ముందున్నది సంవత్సరం, తరువాతిది నెల. 18.04 అంటే 2018 ఏప్రిల్, 22.04 అంటే 2022 ఏప్రిల్. తేడా నాలుగు దినాలు కాదు, నాలుగేళ్లు. అంత పాతది నిజంగా ఉంటే నీ కోడ్ పోయినట్టే.

కానీ నీ యంత్రంలో అది ఉండే అవకాశం లేదు. నా రిజిస్టరులో 22.04 అని ఉంది. ఆ రిజిస్టరులో పదకొండేళ్లుగా ఒక్క కొట్టివేత లేదు. కనుక నీవు 18.04 అని చదవడానికి గల కారణాలను పరిశీలించాను. తెరమీద దుప్పటి నూగు అంటుకుని ఉండవచ్చు. నీ కళ్లజోడు పాతదై ఉండవచ్చు. చదివే సమయంలో హుసేనమ్మ పక్కన మాట్లాడుతూ ఉండవచ్చు. యంత్రానికే తన సంగతి సరిగా తెలియకపోవడం కూడా అసంభవమేమీ కాదు.

అందువల్ల ఏడవ గడిలో 22.04 అనే రాయి. అది అబద్ధం కాదు, రిజిస్టరులో ఉన్నది.

కార్యాలయం నుంచి నాకు నోటీసు వచ్చింది. 'తమ సోదరి పేర్కొన్న సంఘటన' గురించి పదిహేను దినాల్లో సంజాయిషీ ఇవ్వాలట. ఏ సంఘటనో వారికి తెలియలేదని నోటీసు చదివితే అర్థమవుతుంది. అయినా సంజాయిషీ రాస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు అంశాలయ్యాయి.

రంగనాయకులు


ఎమ్మిగనూరు,
20 సెప్టెంబరు.

రంగనాయకులుకు,

తెర తుడిచినాను. పల్లవి టీచరు కళ్లజోడు అడిగి పెట్టుకున్నాను. హుసేనమ్మను నోరు మూసుకోమన్నాను. మూడు సార్లు అడిగితే మూడు సార్లూ 18.04 అనే చెప్పింది. నీ రిజిస్టరు లాగే అదీ మాట మార్చదు, సిగ్గుపడదు.

నా గదికి వచ్చే ఆడవాళ్లు ఏమడుగుతారో నీకు తెలుసా? "అక్కా, వయసు రెండేండ్లు ఎక్కువ ఎయ్యి, పింఛను తొందరగా వస్తాది" అని. హుసేనమ్మ కూడా అడిగింది. ఎంత పేదవాళ్లయినా ఒక్కరికీ అట్లా రాయలేదు. అందుకే ఆరేళ్లలో నా చేతిమీద పోయిన దరఖాస్తు ఒక్కటీ తిరిగి రాలేదు. అట్లాంటిదాన్ని ఇప్పుడు నా కంప్యూటరుకు నాలుగేళ్ల వయసు తగ్గించి రాయాలా? ఆమెకు కాదన్నది నాకు చేసుకుంటే, రేపు ఆమె ముఖం ఎట్లా చూడాలి?

దసరా సెలవుల ముందే ఇవ్వాలన్నారని నిన్ననే పత్రం ఇచ్చేసినాను. ఏడో గడిలో 18.04 అని రాసినాను. పోతే పోనీ.

నీ రిజిస్టరులో ఎన్ని యంత్రాలు ఉన్నాయో నాకు తెలియదు. వాటిలో ఒక్కదాన్నన్నా ఎప్పుడన్నా అడిగినావా?

గోవిందమ్మ


ఆదోని,
22 సెప్టెంబరు.

అక్కా,

ఈ ఉదయం మా వేబ్రిడ్జి కంప్యూటరును అడిగాను. సుడో లేకుండానే అడిగాను.

22.04 అని చెప్పింది. రిజిస్టరులో దాని ఎదుట 18.04 అని ఉంది.

ఆనాడు నా జేబులో రెండు పెన్‌డ్రైవులు ఉండేవి. మిల్లులోని పాత ప్రింటరు కొత్తదానితో పనిచేయదని మిల్లుకు పాతది, నీకు కొత్తది అనుకున్నాను. రెండూ ఎర్రవే. నీది మిల్లుకు, మిల్లుది నీకు ఎక్కించి, ఇంటికి వచ్చి రిజిస్టరులో మాత్రం అనుకున్నది అనుకున్నట్టు రాసుకున్నాను. ప్రింటరు ఎందుకో బాగానే పనిచేస్తుంటే నా పనితనం అనుకున్నాను.

నలభై ఒకటవ పుటలో రెండు వరుసలు కొట్టివేశాను. అయ్యగారు చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

నీవు నిజం రాసి ఇచ్చావు. నా తప్పు వల్ల ఆ నిజమే నీ కోడ్‌కు ముప్పు అయింది. ఆదివారం, 28న ఉదయం బస్సుకు వస్తున్నాను. కొత్తది ఎక్కిస్తాను. నీ పేరు జాబితాలో చేరుస్తాను. సంజాయిషీకి గడువు పొడిగించమని కార్యాలయానికి రాశాను. అంశాలు ఇరవై ఆరు అయ్యాయి, చిత్తు నుంచి ఇంకా సాపు రాయలేదు. నీవు చేయవలసినది ఒక్కటే: ఈ సంగతి బావకు చెప్పకుండా ఉండడం.

తమ్ముడు


ఎమ్మిగనూరు,
7 అక్టోబరు.

రంగాకు అక్క దీవెనలు.

మీ బావకు సుంకన్న చెప్పేసినాడు. నేను చెప్పలేదు.

నిన్న కార్యాలయం నుంచి లక్ష్మప్ప అనే ఆయన వచ్చినాడు. హాలహర్వి మనిషంట. చంకలో ఫైలు. కంప్యూటరు చూపించమన్నాడు, చూపించినాను. ఎట్లా అడగాలో ఆయనకు తెలియదు, నేనే అడిగి చూపించినాను. నీవు ఎక్కించిన 22.04 చక్కగా వచ్చింది. ఆయన ఫైలు చూసి, తెర చూసి, మళ్లా ఫైలు చూసినాడు.

"ఫైల్లో 18.04 ఉండాది, మిషన్‌లో 22.04 ఉండాది. ఏది నిజమమ్మా?"

"పోయిన నెల అది నిజం. ఈ నెల ఇది నిజం."

"ఫైల్లో నెలలుండవమ్మా. ఫైల్లో ఉండేదే ఉంటాది."

"అయితే ఇంకో పత్రం నింపి ఇస్తాను."

"ఏడాదికి ఒగటే పత్రం. మల్లా వచ్చే సెప్టెంబరే."

"మరి నా కోడ్?"

"రద్దు. ఆర్డరు టైపు కొట్టించుకోనే వచ్చినా." అంటూ కాగితం బయటికి తీసినాడు. "నీ మింద నాకేం కోపం లేదు తల్లీ. తక్కిన ముప్పై తొమ్మిది సెంటర్లోళ్లూ 22.04 అనే రాసినారు. నువ్వొక్కదానివే వేరే రాసుంటివి. దానికే నిన్నొక్కదాన్నే సూసేకి వచ్చినా."

"ఆ ముప్పై తొమ్మిదింటినీ అడిగినారా?"

"సరిగ్గా రాసినోళ్లను అడిగేదేముంటాది?"

నేను కుర్చీలో కూర్చుండిపోయినాను. అరుగు మీద తొమ్మిది మంది ఉన్నారు. లక్ష్మప్ప సంతకం చేసేకి ఫైలు తిరగేసి, ఒక చోట ఆగినాడు. నా క్షమాపణ జాబు. దానికి నంబరు వేసి, 'విచారణలో ఉంది' అని ముద్ర కొట్టి, ఎర్ర దారంతో కుట్టి ఉంది. ఆయన పెన్ను మూత పెట్టి, నీళ్లు అడిగి తాగినాడు.

"ఈ సంఘటన ఏందమ్మా?"

"విచారణ చేస్తున్నది మీరు కదా, మీరే చెప్పాల."

"విచారణలో ఉండే సెంటర్‌ను రద్దు చేసేకి లేదు. విచారణ ముగిసినంకనే."

"అది ఎప్పుడు ముగుస్తుంది?"

"నీ తమ్ముడు సంజాయిషీ ఇయ్యల్ల. టైము గావల్లని రాసుకోని ఉండాడు."

గుమ్మం దగ్గర నుంచి హుసేనమ్మ అందుకుంది. "ఆయప్ప శానా పద్ధతిగా రాస్తాడంట సారూ. తొందర పెట్టాకండి, నిదానంగా రాసుకోనీండి." లక్ష్మప్ప నవ్వలేదు. ఆర్డరు మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ తాగి పోయినాడు.

కాబట్టి రంగా, నీవు ఆ సంజాయిషీ ఎంత బాగా రాసినా సరే, పంపొద్దు. పూర్తి చేసినా చేసినట్టు ఎవరికీ చెప్పొద్దు. ముఖ్యంగా సుంకన్నకు.

అక్క


ఆదోని,
30 అక్టోబరు.

అక్కకు నమస్కారం.

సంజాయిషీ నలభై మూడు అంశాలతో పూర్తయింది. సాపు కూడా రాశాను. ఒక్క కొట్టివేత లేదు. ఇంత చక్కని పత్రాన్ని నేను ఇంతవరకు రాయలేదు. దానిని పెట్టెలో పెట్టి తాళం వేసినప్పుడు నాకు కలిగిన బాధను వివరించను. అది నలభై నాలుగవ అంశమవుతుంది.

ఈ నెల పదిహేనున కార్యాలయం నుంచి గుర్తుచేస్తూ ఉత్తరం వచ్చింది, సంజాయిషీ ఇంకా అందలేదని. మరునాడే జవాబు పంపాను. సంజాయిషీకి వారి వద్ద రెండు నమూనా పత్రాలు ఉన్నట్టు విచారించి తెలుసుకున్నాను. ఒకటి పాతది, ఒకటి సవరించినది. వాటిలో ఏ వెర్షన్‌లో రాయాలో తెలియజేయవలసిందిగా సవినయంగా కోరాను.

నిన్న వారు ఫోను చేశారు. ఆ సంగతి తమకూ తెలియదని, పైకి రాశామని, జవాబు వచ్చేవరకు ఆగమని చెప్పారు.

ఆగుతానని లిఖితపూర్వకంగా తెలియజేశాను. నీవు గది తెరిచే ఉంచు.

ఆగి ఉన్న తమ్ముడు,
రంగనాయకులు